తకమురా కోతరో

తకమురా కోతరో (మార్చి 13, 1883 - ఏప్రిల్ 2, 1956) జపాను దేశానికి చెందిన ప్రముఖ కవి, శిల్పి, వ్యాసకర్త, అనువాదకుడు. జపాను భాషలో వ్యావహారిక వచన కవిత్వానికి పునాది వేసినవారిలో ఒకడు. భార్య చియెకో చిత్రకారిణి. ఆమెతో పరిచయమైన నాటి నుండి ఆమె మరణానంతరం వరకు దాదాపు ముప్పై సంవత్సరాల కాలంలో వ్రాసిన కవితలను ఆయన 1941లో "చియెకో-షో" అనే సంపుటంగా వెలువరించాడు. ఆధునిక జపాను సాహిత్యంలో అత్యధికంగా చదవబడిన ప్రేమ కవితా సంపుటాలలో ఇది ఒకటి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధాన్ని కీర్తిస్తూ కవితలు వ్రాసి, యుద్ధానంతరం అందుకు పశ్చాత్తాపపడి, ఏడేళ్ళపాటు ఒక పల్లె అంచున గుడిసెలో ఒంటరిగా జీవించాడు.

జపాను సంప్రదాయం ప్రకారం ఇంటిపేరు ముందు వస్తుంది. "తకమురా" ఇంటిపేరు, "కోతరో" వ్యక్తి పేరు. తండ్రి కూడా ప్రసిద్ధుడే కాబట్టి ఈ వ్యాసంలో వ్యక్తుల పేర్లనే వాడడం జరిగింది.

బాల్యం, విద్యాభ్యాసం

కోతరో టోక్యో నగరంలో జన్మించాడు. తండ్రి తకమురా కోఉన్ (1852 - 1934) బౌద్ధ విగ్రహాలు చెక్కే సంప్రదాయంలో శిక్షణ పొందిన దారుశిల్పి. మెయిజీ యుగంలో పాత విగ్రహాలకు ఆదరణ తగ్గినా, కోఉన్ తన పనితనంతో కొత్త కాలంలోనూ నిలదొక్కుకున్నాడు. టోక్యో లలితకళా పాఠశాలలో ఆచార్యుడయ్యాడు. ఉయెనో ఉద్యానవనంలోని సయిగో తకమోరి కంచు విగ్రహానికి నమూనా తయారుచేసింది ఆయనే.

కోఉన్ పెద్ద కుమారుడు కావడంతో, ఉలి పట్టడం కోతరోకు చిన్నతనంలోనే అలవడింది. తండ్రి పనిచేస్తున్న లలితకళా పాఠశాలలోనే శిల్ప విభాగంలో చేరి 1902లో పట్టా పొందాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే కవి యొసానో తెక్కన్ స్థాపించిన సాహితీ సంఘంలో చేరి, ఆ సంఘం పత్రిక "మ్యోజో"లో తంకాలు ప్రచురించాడు. తంకా అనేది 31 అక్షరాల సంప్రదాయ జపాను పద్యం. ఈ విధంగా కవిత్వం, శిల్పం రెండూ ఆయన జీవితంలో ఒకేసారి మొదలయ్యాయి.

1904లో ఒక విదేశీ కళా పత్రికలో ఫ్రెంచి శిల్పి ఆగస్ట్ రోదా (రోడిన్) చెక్కిన "ఆలోచనాపరుడు" శిల్పపు ఛాయాచిత్రం చూశాడు. తండ్రి నేర్పిన శిల్పం వేరు, తాను చేయవలసిన శిల్పం వేరు అన్న ఆలోచన కోతరోలో బలపడింది.

విదేశీ యాత్ర

1906లో కోతరో అమెరికా వెళ్ళి న్యూయార్కులో శిల్పి గట్జన్ బోర్గ్లమ్ వద్ద సహాయకునిగా పనిచేశాడు. తరువాతి కాలంలో రష్మోర్ పర్వతంపై అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కించిన శిల్పి ఈ బోర్గ్లమే. 1907లో కోతరో లండన్ చేరాడు. అక్కడ పరిచయమైన బెర్నార్డ్ లీచ్ ఆ తరువాత జపాను వెళ్ళి కుండలు, పింగాణీ పాత్రల తయారీ నేర్చుకొని ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. 1908లో కోతరో పారిస్ చేరి, 1909లో స్వదేశానికి తిరిగి వచ్చాడు.

పారిస్ ఆయనకు వ్యక్తి స్వేచ్ఛను చూపింది. ఆ స్వేచ్ఛ తన దేశంలో, తన ఇంట్లో లేదన్న బాధను కూడా మిగిల్చింది. తిరిగి వచ్చిన కుమారుడు తన పేరునూ, శిష్యపరంపరనూ నిలబెడతాడని కోఉన్ ఆశించాడు. కోతరో అందుకు అంగీకరించలేదు. ప్రభుత్వ కళా వ్యవస్థకు దూరంగా ఉండిపోయాడు.

1910లో "సుబరు" పత్రికలో "ఆకుపచ్చ సూర్యుడు" అనే వ్యాసం ప్రచురించాడు. చిత్రకారుడికి సూర్యుడు ఆకుపచ్చగా కనిపిస్తే అలాగే చిత్రించే హక్కు అతనికి ఉన్నదని, అందులో జపాను లక్షణం ఉన్నదా లేదా అని వెతకనక్కరలేదని ఆ వ్యాసం సారాంశం. కళాకారుని స్వేచ్ఛను గురించి జపానులో వెలువడిన తొలి ప్రకటనలలో ఒకటిగా దీనిని పరిగణిస్తారు. అదే సంవత్సరం టోక్యోలోని కాందా ప్రాంతంలో "రోకాన్‌దో" అనే చిత్రశాలను తెరిచాడు. జపానులో కొత్త కళ కోసం వెలసిన తొలి ప్రైవేటు చిత్రశాలలలో ఇది ఒకటి. ఇది ఎక్కువ కాలం ఆయన చేతిలో లేదు.

చియెకో

చియెకో (మే 20, 1886 - అక్టోబరు 5, 1938) ఈశాన్య జపానులోని ఫుకుషిమా ప్రాంతంలో, అదతరా పర్వతం కనిపించే ఒక గ్రామంలో జన్మించింది. ఈ గ్రామం ఇప్పుడు నిహొన్‌మత్సు నగరంలో భాగం. ఆమె పుట్టింటివారైన నగనుమా కుటుంబం సాకే (బియ్యంతో చేసే మద్యం) తయారుచేసే వ్యాపారంలో ఉండేది.

చియెకో 1903లో టోక్యోలోని జపాను మహిళా విశ్వవిద్యాలయంలో చేరి 1907లో చదువు పూర్తిచేసింది. ఆ కాలపు యువతులవలె ఇంటికి వెళ్ళి పెండ్లి చేసుకొనక, టోక్యోలోనే ఉండి తైలవర్ణ చిత్రకళ నేర్చుకొన్నది. 1911 సెప్టెంబరులో హిరత్సుకా రయిచో ఆధ్వర్యంలో మహిళలే నడిపిన "సెయితో" పత్రిక తొలి సంచిక వెలువడింది. జపాను స్త్రీవాద చరిత్రలో మైలురాయిగా నిలిచిన ఆ సంచిక ముఖచిత్రం చియెకో వేసినదే. అనగా, కోతరోను కలిసేనాటికే ఆమె పేరున్న యువ కళాకారిణి.

1911 చివర మిత్రుల ద్వారా ఇద్దరికీ పరిచయం కలిగింది. 1912లో కోతరో చిత్రలేఖనం కోసం ఇనుబో అగ్రానికి వెళ్ళినప్పుడు చియెకో కూడా అక్కడికి వచ్చింది. 1913లో ఇద్దరూ కమికోచి పర్వత ప్రాంతంలో కలిసి చిత్రాలు వేశారు. 1914 డిసెంబరులో వివాహం చేసుకొన్నారు. కాని ఆ వివాహాన్ని ప్రభుత్వ రికార్డులలో 1933 వరకు నమోదు చేయించలేదు.

"దోతెయ్"

వివాహానికి రెండు నెలల ముందు, 1914 అక్టోబరులో, కోతరో తొలి కవితా సంపుటం "దోతెయ్" వెలువడింది. ఈ మాటకు "నడిచిన దారి" అని అర్థం చెప్పుకోవచ్చు. ఈ సంపుటంలోని తొలి కవితలలో అసహనం, ఏహ్యభావం, నగర జీవితపు విరక్తి కనిపిస్తాయి. చియెకో పరిచయం తరువాతి కవితలలో ప్రకృతిపైనా, మనిషిపైనా నమ్మకం ప్రవేశిస్తుంది. భాష కూడా మారుతుంది. గ్రాంథిక ఛాయలు తగ్గి, మాట్లాడే భాషలోని బలం కవితకు వస్తుంది.

సంపుటానికి పేరునిచ్చిన కవిత మొదట పత్రికలో 102 పంక్తులతో అచ్చయింది. పుస్తకంలో చేర్చేటప్పుడు కోతరో దానిని 9 పంక్తులకు కుదించాడు. అనవసరమైన చెక్కను ఉలితో తొలగించే శిల్పి అలవాటు ఇక్కడ కనిపిస్తుందని చెప్పవచ్చు. ఈ చిన్న కవిత జపాను పాఠ్యపుస్తకాల ద్వారా తరతరాల విద్యార్థులకు పరిచయమైంది.

వివాహ జీవితం

దంపతులు టోక్యోలోని కొమగొమె ప్రాంతంలో ఒక చిత్రశాలలో కాపురం పెట్టారు. ఆదాయం తక్కువ. కోతరో శిల్పాలకు గిరాకీ ఉండేది కాదు. అనువాదాలు, వ్యాసాలు కొంత ఆదుకొన్నాయి. 1916లో ఆయన వెలువరించిన "రోదా మాటలు" అనే అనువాదం జపాను యువ కళాకారులను విశేషంగా ప్రభావితం చేసింది.

ఒకే ఇంట్లో ఇద్దరు కళాకారులు. అయితే ఇంటిపని ఎవరు చేయాలన్నది తేలని ప్రశ్న అయింది. కోతరో స్వయంగా 1940లో వ్రాసిన "చియెకో అర్ధజీవితం" అనే వ్యాసంలో దీనిని ప్రస్తావించాడు. తాను పనిలో మునిగిపోతే వంట, ఇల్లు ఆమె మీద పడేవని, ఆమె చిత్రాలు వేసే సమయం తగ్గిపోయిందని అంగీకరించాడు. ఆమె రేఖలలో సమర్థురాలైనా రంగుల విషయంలో తృప్తి పొందలేకపోయిందని, ప్రదర్శనకు పంపిన చిత్రం తిరస్కరణకు గురయ్యాక మళ్ళీ పంపలేదని కూడా అందులో తెలిపాడు. చియెకో క్రమంగా తైలవర్ణాలు వదలి, చేమగ్గంపై నేత, మొక్కల నుండి తీసిన రంగులతో అద్దకం చేపట్టింది. ఆమె తైలవర్ణ చిత్రాలలో నేడు లభ్యమవుతున్నవి బహుకొద్ది.

ఆమె ఆరోగ్యం కూడా అంతంతమాత్రమే. టోక్యో గాలి ఆమెకు పడేది కాదు. ఏటా కొన్ని నెలలు పుట్టింట గడిపేది. టోక్యోలో అసలైన ఆకాశం లేదని ఆమె అన్న మాట ఆధారంగా కోతరో 1928లో వ్రాసిన కవిత ఆయన రచనలన్నింటిలో బహుళ ప్రచారం పొందింది.

చియెకో అస్వస్థత

1918లో చియెకో తండ్రి మరణించాడు. 1929లో పుట్టింటి వ్యాపారం దివాలా తీసి కుటుంబం చెదరిపోయింది. ఆమె ఊపిరి పీల్చుకొనే చోటు లేకుండా పోయింది. 1931లో కోతరో ఉత్తర సముద్ర తీర ప్రాంతంలో పర్యటిస్తుండగా ఆమెలో మానసిక వ్యాధి లక్షణాలు బయటపడ్డాయి. 1932లో నిద్రమాత్రలు మింగి ఆత్మహత్యకు ప్రయత్నించగా వైద్యులు కాపాడారు. ఆమె వ్యాధిని స్కిజోఫ్రీనియాగా గుర్తించారు.

1933లో కోతరో వివాహాన్ని చట్టబద్ధంగా నమోదు చేయించి, ఆమెను వేడినీటి బుగ్గల ప్రాంతాలకు తీసుకొని వెళ్ళాడు. 1934లో కొన్ని నెలలు కుజుకురి సముద్రతీరంలో బంధువుల వద్ద ఉంచాడు. ఇసుక తిన్నెలపై పక్షులతో ఆడుకొనే చియెకోను గురించిన కవితలు ఈ కాలపు అనుభవం నుండి వచ్చినవే. వ్యాధి తగ్గకపోవడంతో 1935 ఫిబ్రవరిలో ఆమెను టోక్యోలోని షినగవా ప్రాంతపు మానసిక వైద్యశాలలో చేర్చారు.

కాగితపు చిత్రాలు

వైద్యశాలలో ఉన్న కాలంలోనే చియెకో తిరిగి కళాసృష్టి ప్రారంభించింది. రంగు కాగితాలను, పొట్లాలు కట్టిన కాగితాలను, గోళ్ళు కత్తిరించుకొనే చిన్న వంపు కత్తెరతో కత్తిరించి, ఒకదానిపై ఒకటి అంటించి చిత్రాలు తయారుచేసేది. ముందుగా గీత గీసుకొనేది కాదు. భోజనం పళ్ళెంలో వచ్చిన చేపలు, కూరగాయలు, పండ్లు, సందర్శకులు తెచ్చిన పూలు ఆమెకు వస్తువులు. నర్సుగా శిక్షణ పొందిన మేనకోడలు ఆమె వద్ద ఉండి సేవ చేసింది.

ఈ విధంగా ఆమె చేసిన చిత్రాల సంఖ్య వెయ్యికి పైగా ఉంటుంది. తైలవర్ణాలలో ఆమెను బాధించిన రంగుల సమస్య ఇక్కడ లేదు. కాగితానికి రంగు ముందే ఉంది. ఆమె చేయవలసింది రేఖను కత్తిరించడం, రంగు పక్కన రంగును ఉంచడం. ఒక రంగు కాగితంపై అదే రంగుకు దగ్గరగా ఉన్న మరొక కాగితాన్ని అంటించి, అంచుల మందంతోనే ఆకారాన్ని చూపిన చిత్రాలను నిపుణులు ప్రత్యేకంగా పేర్కొంటారు. వీటిని ఆమె ఇతరులకు చూపేది కాదు. కోతరో వచ్చినప్పుడు మాత్రమే తీసి చూపి సంతోషించేదని ఆయనే వ్రాశాడు.

చియెకో 1938 అక్టోబరు 5న, 52 సంవత్సరాల వయసులో క్షయవ్యాధితో మరణించింది. యుద్ధకాలంలో టోక్యోపై వైమానిక దాడులు జరుగుతాయని భావించి, కోతరో ఈ కాగితపు చిత్రాలను టోక్యో బయట మూడు చోట్ల మిత్రుల వద్ద భద్రపరచాడు. ఆ నిర్ణయం వల్లనే అవి నేడు మిగిలాయి. ఆయన చెక్కిన చియెకో శిరస్సు మాత్రం చిత్రశాలతోపాటు కాలిపోయింది.

"చియెకో-షో"

1941 ఆగస్టులో వెలువడిన ఈ సంపుటంలో 29 కవితలు, 6 తంకాలు, 3 వచన రచనలు ఉన్నాయి. "షో" అనగా ఎంపిక చేసిన భాగాల సంకలనం. కవితలు కాలక్రమంలో ఉండడం వలన పుస్తకం ఒక జీవితకథ వలె సాగుతుంది. పరిచయం నాటి ఉద్వేగం, కాపురపు పేదరికం, వ్యాధి, మరణం, తరువాతి ఒంటరితనం వరుసగా వస్తాయి.

"నిమ్మపండు విషాదగీతం" మరణశయ్యపై ఉన్న చియెకో నిమ్మపండు కొరికిన క్షణంలో పూర్వపు స్పృహ తిరిగి పొందడాన్ని చిత్రిస్తుంది. మరొక కవితలో, ఆమె ఎప్పుడో తయారుచేసి దాచిన పండ్ల మద్యం ఆమె పోయాక వంటింట్లో దొరుకుతుంది. కవి దానిని ఒంటరిగా త్రాగుతాడు. ఈ కవితలలో అలంకారాలు తక్కువ. వస్తువును ఉన్నది ఉన్నట్టు చూపి ఊరుకోవడమే వీటి పద్ధతి.

యుద్ధ కవిత్వం

"చియెకో-షో" వెలువడిన నాలుగు నెలలకు, 1941 డిసెంబరులో, జపాను పెర్ల్ హార్బర్‌పై దాడి చేసింది. ఒకప్పుడు ఆకుపచ్చ సూర్యుని హక్కును చాటిన కవి, ఇప్పుడు యుద్ధాన్ని, చక్రవర్తిని కీర్తించే కవితలు వ్రాశాడు. 1942లో ఏర్పడిన జపాను సాహిత్య దేశభక్త సంఘంలో కవిత్వ విభాగానికి అధ్యక్షుడయ్యాడు. ఆయన కవితలు పత్రికలలో, రేడియోలో ప్రచారమయ్యాయి. యుద్ధకాలంలో మూడు సంపుటాలు వచ్చాయి.

1945 ఏప్రిల్‌లో వైమానిక దాడిలో కొమగొమె చిత్రశాల దగ్ధమైంది. కోతరో ఈశాన్య జపానులోని హనమకి పట్టణంలో, కీర్తిశేషుడైన కవి మియజవా కెంజి కుటుంబం వద్ద ఆశ్రయం పొందాడు. కెంజి బతికుండగా పెద్దగా గుర్తింపు పొందని కవి. 1933లో ఆయన మరణించాక రచనలు వెలుగులోకి రావడానికి కృషి చేసినవారిలో కోతరో ఒకడు. అదే సంవత్సరం ఆగస్టులో హనమకిపై జరిగిన దాడిలో ఆ ఇల్లు కూడా కాలిపోయింది. కొద్ది రోజులకే జపాను లొంగిపోయింది.

గుడిసె జీవితం, పశ్చాత్తాపం

1945 శరత్కాలంలో కోతరో హనమకి సమీపంలోని ఓతా గ్రామం అంచున, గని కార్మికుల బస నుండి తెచ్చి కట్టిన ఒక గుడిసెలోకి మారాడు. అప్పటికి ఆయన వయసు 62 సంవత్సరాలు. శీతాకాలంలో గోడల సందుల నుండి మంచు లోపలికి వచ్చేది. కూరగాయలు తానే పండించుకొనేవాడు. 1952 వరకు అక్కడే ఉన్నాడు.

1946లో ఒక ప్రగతిశీల రచయితల సంఘం, యుద్ధానికి బాధ్యత వహించవలసిన రచయితల జాబితాలో ఆయన పేరు చేర్చింది. 1947లో కోతరో "అంగు షోదెన్" (మూఢుని లఘుచరిత్ర) అనే 20 కవితల పరంపర ప్రచురించాడు. బాల్యంలో ఇంట్లో నేర్పిన చక్రవర్తి భక్తి మొదలు, పారిస్ స్వేచ్ఛ, చియెకో మరణం తరువాతి శూన్యం, యుద్ధం నాటి ఆవేశం వరకు తన జీవితాన్ని తానే విచారించుకొన్నాడు. నెపం ప్రభుత్వంపై నెట్టలేదు. ఈ పరంపరలో చేర్చని మరొక కవితలో, తన కవితలు చదివి యువకులు మరణానికి సిద్ధపడ్డారన్న వేదన వ్యక్తమవుతుంది. 1950లో వెలువడిన "తెన్‌కెయ్" సంపుటానికి యొమియూరి సాహిత్య పురస్కారం లభించింది.

చివరి శిల్పం, మరణం

తొవదా సరస్సు ప్రాంతం జాతీయ వనమై 15 సంవత్సరాలు నిండిన సందర్భంగా ఒక స్మారక శిల్పం చేయవలసిందిగా కోరగా, కోతరో 1952లో టోక్యోకు తిరిగి వచ్చాడు. 1953లో సరస్సు తీరాన ఆవిష్కరించిన ఈ కంచు శిల్పంలో, ఒకే రూపం గల ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలబడి చేతులు దగ్గరగా చాచి ఉంటారు. ఆ ముఖంలో చియెకో పోలికలున్నాయని పలువురు భావిస్తారు. ఇది ఆయన పూర్తిచేసిన చివరి పెద్ద శిల్పం. 1956 ఏప్రిల్ 2న క్షయవ్యాధితో టోక్యోలో మరణించాడు. ప్రతి సంవత్సరం ఆ రోజున ఆయన అభిమానులు వర్ధంతి జరుపుతారు.

విమర్శ

"చియెకో-షో" చాలాకాలం ఆదర్శ ప్రేమకథగానే చదవబడింది. తరువాతి విమర్శకులు, ముఖ్యంగా స్త్రీవాద దృక్పథం గలవారు, మరొక ప్రశ్న వేశారు. పుస్తకమంతటా చియెకోను చూస్తున్నది, మాట్లాడుతున్నది కోతరో. ఆమె స్వరం ఎక్కడ? ఆమెను స్వచ్ఛతకు, ప్రకృతికి ప్రతీకగా నిలిపిన కవిత్వంలో, బొమ్మలు వేయాలని టోక్యో వచ్చిన యువతి మరుగున పడిందని వారి వాదన. ఆ వాదనకు కొంత ఆధారం కోతరో స్వయంగా వ్రాసిన వ్యాసంలోనే దొరకడం గమనార్హం. యుద్ధానంతరం కాగితపు చిత్రాల ప్రదర్శనలు జరిగాక, చియెకోను కవి భార్యగా కాక కళాకారిణిగా చూడడం పెరిగింది. కవితలలో వినిపించని ఆమె మాటను ఆ చిత్రాలలో వెతకవచ్చు.

యుద్ధ కవితల విషయంలోనూ భిన్నాభిప్రాయాలున్నాయి. విమర్శకుడు యొషిమొతో తకఆకి 1957లో కోతరోపై ఒక గ్రంథం ప్రచురించి, పారిస్ స్వేచ్ఛను చూసిన కవి యుద్ధవాదిగా ఎలా మారాడన్న ప్రశ్నను లోతుగా చర్చించాడు. పశ్చాత్తాపాన్ని కవితగా ప్రకటించిన అరుదైన జపాను కవిగా ఆయనను గౌరవించేవారూ ఉన్నారు. ఆ పశ్చాత్తాపం చాలదనేవారూ ఉన్నారు.

శిల్ప కృషి

కంచులో "చేయి" (1918 ప్రాంతం) ఆయన ప్రసిద్ధ శిల్పం. పైకి లేచిన ఎడమ చేతి వ్రేళ్ళలో బౌద్ధ ముద్రల ఛాయ, రోదా ప్రభావం రెండూ కనిపిస్తాయి. తండ్రి వద్ద నేర్చిన దారుశిల్ప విద్యను ఆయన పూర్తిగా వదలలేదు. 1920లలో కీచురాయి వంటి సికాడా పురుగు, దానిమ్మపండు, మార్పు చేపను పోలిన జపాను చేప మొదలైన చిన్న చెక్క శిల్పాలు చెక్కాడు. చాలా శిల్పాలు 1945లో దగ్ధమైనందున మిగిలినవి కొద్దే.

ప్రధాన రచనలు

* దోతెయ్ (1914) - కవితా సంపుటం
* రోదా మాటలు (1916) - అనువాదం
* చియెకో-షో (1941) - కవితలు, వచనం
* అంగు షోదెన్ (1947) - కవితల పరంపర
* తెన్‌కెయ్ (1950) - కవితా సంపుటం

ఇతర విశేషాలు

* "చియెకో-షో" ఆధారంగా 1957లోను, 1967లోను చలనచిత్రాలు వచ్చాయి. నకమురా నొబొరు దర్శకత్వంలోని 1967 నాటి చిత్రం ఉత్తమ విదేశీ భాషా చిత్రం విభాగంలో ఆస్కార్ పురస్కారానికి ప్రతిపాదనలు పొందిన చిత్రాలలో ఒకటి.
* కోతరో కవితలను సతో హిరొఅకి ఆంగ్లంలోకి అనువదించాడు.
* హనమకి వద్ద కోతరో నివసించిన గుడిసెను పైకప్పుతో వేరొక కట్టడం నిర్మించి సంరక్షిస్తున్నారు. సమీపంలో ఆయన స్మారక సంగ్రహాలయం ఉంది.
* నిహొన్‌మత్సులో చియెకో పుట్టిన ఇంటిని పునరుద్ధరించారు. ప్రక్కనే ఉన్న స్మారక భవనంలో ఆమె కాగితపు చిత్రాలను చూడవచ్చు.